రెండరింగ్‌కు టోకెన్ ఎందుకు? చీమకుర్తి రాయి మీద ఒక లెక్క

చీమకుర్తి బ్లాక్ గెలాక్సీని ఫొటో తీయడమే కష్టం. కంప్యూటర్‌లో పుట్టించడం ఇంకా కష్టం. నల్లటి పలక మీద బంగారు రంగు చుక్కలు మెరుస్తుంటాయి కదా, అవి రంగు మరకలు కావు, బ్రాంజైట్ అనే ఖనిజం పలుకులు. చూసే కోణం కాస్త మారితే ఒక చుక్క ఆరిపోయి పక్కది వెలుగుతుంది. (భూగర్భ శాస్త్రం ప్రకారం అది గ్రానైటే కాదు, గ్యాబ్రో జాతి రాయి. ప్రకాశం జిల్లాలో ఈ సంగతి చెప్పినా రేటు పెరగదు, తగ్గదు.) ఈ పలకలు పరిచిన హోటల్ లాబీని నిమిషం పాటు వాక్‌త్రూ వీడియోగా చూపించమని ఒక ఎగుమతిదారుడు అడిగాడనుకుందాం. ఒంగోలులో ఇద్దరు ముగ్గురు కలిసి నడుపుకునే స్టూడియోకి మొదట వచ్చే టెన్షన్ డిజైన్ గురించి కాదు. ఇది రెండర్ అయ్యేది, అంటే కంప్యూటర్ లెక్కగట్టి బొమ్మలు తయారు చేసేది, ఎప్పటికి?

దీనికి ఈమధ్య ‘రెండర్ నెట్‌వర్క్‌లో పెట్టేయండి’ అనే సలహా వినిపిస్తోంది. ఎవరెవరి మిషన్ల మీదో రెండర్ చేయించే ఏర్పాటు అది, దాని లెక్కలు నడిచేది టోకెన్ అనే సొంత డిజిటల్ కాయిన్‌లో. ఆ వెంటనే ఎవరో ఒకరు ‘అయితే ఆ కాయిన్ కొనొచ్చా?’ అంటారు. ఈ రెండు మాటలకు పెద్దగా సంబంధం లేదు. నెట్‌వర్క్‌లో మన పని చేయించుకోవడం ఒక లెక్క. మన జీపీయూని (గ్రాఫిక్స్ కార్డును) దానికి అప్పజెప్పి సంపాదించడం ఇంకో లెక్క. టోకెన్ కొని దాచుకోవడం పూర్తిగా మూడోది. ఒకదాని లాభం చూపించి మరొకటి అంటగట్టడం ఈ రంగంలో మామూలే కాబట్టి, మూడింటినీ విడదీసి చూడటం మంచిది.

ముందు అసలు పని సంగతి. సీన్‌లో ఉన్న వస్తువుల ఆకారాలు, మెటీరియల్స్, లైట్లు, కెమెరా ఎక్కడుందో చెబితే, ఆ కెమెరాకు ఏం కనబడుతుందో లెక్కగట్టి బొమ్మ తయారు చేయడమే రెండరింగ్. ఇప్పుడు ఎక్కువగా వాడేది పాత్ ట్రేసింగ్. దీని వెనకున్న సమీకరణాన్ని జేమ్స్ కాజియా 1986లో ప్రచురించాడు. కెమెరా నుంచి ఒక్కో పిక్సెల్ గుండా కిరణాలు వదిలి, అవి పలకకు తగిలి, గోడకు తగిలి, లైటు దాకా చేరే దారులు వెదుకుతారు. అన్ని దారులనూ లెక్కించడం జరిగే పని కాదు. అందుకని కొన్నిటిని యాదృచ్ఛికంగా ఎంచుకుని సగటు కడతారు. తక్కువ ఎంచుకుంటే బొమ్మ నిండా నాయిస్, అంటే ఇసుక చల్లినట్టు చుక్కలు, వస్తుంది. ఆ నాయిస్‌ను సగానికి తగ్గించాలంటే కిరణాలను రెట్టింపు చేస్తే చాలదు, నాలుగు రెట్లు చేయాలి. పావు వంతుకు తేవాలంటే పదహారు రెట్లు. రెండరింగ్ ఖర్చు మన అంచనాలు దాటి ఎందుకు పరిగెడుతుందో ఈ ఒక్క సూత్రంలో ఉంది.

దీనికి విరుగుడుగా డీనాయిజర్లు వచ్చాయి. ఎన్‌విడియా ఆప్టిక్స్, ఇంటెల్ ఓపెన్ ఇమేజ్ డీనాయిజ్ లాంటివి తక్కువ కిరణాలతో వచ్చిన బొమ్మను నునుపు చేసి ఇస్తాయి. తెల్లగోడలు, సోఫాలు, కర్టెన్లు అయితే ఇబ్బంది లేదు. బ్లాక్ గెలాక్సీ దగ్గర మాత్రం కథ అడ్డం తిరుగుతుంది. నల్లటి పలక మీద ఒంటరిగా వెలిగే చుక్క ఎలా ఉంటుందో నాయిస్ కూడా అచ్చం అలాగే ఉంటుంది. చుక్కలున్న రాతి ఫొటోనే పలక మీద రంగుగా పరిస్తే, రంగుల పొరను డీనాయిజర్‌కు విడిగా ఇవ్వవచ్చు కాబట్టి అది చుక్కల్ని ముట్టుకోదు. కానీ అప్పుడు కెమెరా కదిలినా మెరుపు మారదు, రాయి జీవం లేకుండా పడి ఉంటుంది. అలా కాదని చుక్కల్ని నిజంగా కాంతిని తిప్పికొట్టే పలుకులుగా మోడల్ చేస్తే మెరుపు వస్తుంది, డీనాయిజర్ వచ్చి దాన్ని తుడిచిపెడుతుంది. ఒక ఫ్రేమ్‌లో తుడిచి తర్వాతి ఫ్రేమ్‌లో వదిలేసిందంటే వీడియో నిండా మినుకుమినుకులే. చీమకుర్తి వ్యాపారి స్క్రీన్ మీద మొట్టమొదట వెదికేది ఆ చుక్కల్నే. కనుక ఈ పనిలో అడ్డదారి లేదు, కిరణాలు పెంచాల్సిందే.

ఒక ఊహా లెక్క వేసుకుందాం. నిమిషం వీడియో, సెకనుకు 25 ఫ్రేమ్‌లు, మొత్తం 1500 ఫ్రేమ్‌లు. ఆర్‌టీఎక్స్ 3060 గ్రాఫిక్స్ కార్డు ఉన్న ఒక్క మిషన్ మీద ఫ్రేమ్‌కు 12 నిమిషాలు పడుతుందనుకుంటే 300 గంటలు, అంటే రాత్రింబవళ్లు పన్నెండున్నర రోజులు. కరెంటు ఎంత? మిషన్ మొత్తం 250 వాట్లు లాగితే 75 యూనిట్లు. యూనిట్ పది రూపాయలు వేసుకున్నా 750 రూపాయలు. అంటే సొంత మిషన్ మీద రెండర్ చేయడం ఖరీదైన పనేం కాదు. ‘నెట్‌వర్క్ అయితే చౌక’ అనే ప్రచారం ఇక్కడే తేలిపోతుంది. 750 రూపాయల కంటే చౌకగా ఎవరు చేసిపెడతారు? అసలు నష్టం వేరే ఉంది. పన్నెండున్నర రోజులు ఆ మిషన్ మీద ఇంకో పని సాగదు. పదో రోజున కరెంటు పోయి యూపీఎస్ చేతులెత్తేయవచ్చు. అన్నీ సవ్యంగా జరిగి వీడియో చూపించాక క్లయింట్ ‘ఆ పిల్లర్ కొంచెం పక్కకు జరిపితే బాగుంటుందేమో సార్’ అనవచ్చు. నెట్‌వర్క్ అయినా, ఇంకే రెండర్ ఫార్మ్ అయినా మనకు అమ్మేది సమయాన్ని.

సమయాన్ని ఎలా అమ్మగలుగుతున్నారంటే, 1500 ఫ్రేమ్‌లు ఒకదాని మీద ఒకటి ఆధారపడవు. ఏడో ఫ్రేమ్ పూర్తి కాకుండానే ఏడొందలోది మొదలుపెట్టవచ్చు. అవే కార్డులు వంద దొరికితే 300 గంటల పని మూడు గంటల్లో అయిపోతుంది. లాబీ మధ్యలో ఫౌంటెన్ ఉంటే మాత్రం ఆగాలి. నీళ్లు, పొగ, గాలికి ఊగే గుడ్డ లాంటి సిమ్యులేషన్లలో ప్రతి ఫ్రేమ్ దాని ముందు ఫ్రేమ్ నుంచే పుడుతుంది. వాటిని ముందే సొంత మిషన్ మీద బేక్ చేసి (లెక్కగట్టి ఫైళ్లలో దాచి), ఆ కాష్ ఫైళ్లతో సహా పంపాలి. ఇది మర్చిపోతే ఒక్కో మిషన్‌లో నీళ్లు ఒక్కోలా ఎగిరి పడతాయి.

సొంత మిషన్లు నింపుకుని అద్దెకిచ్చే రెండర్ ఫార్మ్‌లు ఎప్పటి నుంచో ఉన్నాయి. వికేంద్రీకృత నెట్‌వర్క్ వాటికంటే భిన్నమయ్యేది మిషన్లు ఎవరివన్న దగ్గర. నెల్లూరు జిల్లాలో వరి కోతలప్పుడు ప్రతి రైతూ హార్వెస్టర్ కొనడు. బయటి ఊళ్ల నుంచి మిషన్లు వస్తాయి, ఎవరిది ఎక్కడ ఖాళీగా ఉందో తెలిసిన మనిషి రెండు వైపులా మాట్లాడి కలుపుతాడు. ఇక్కడ ఆ మధ్యమనిషి పని సాఫ్ట్‌వేర్ చేస్తుంది, మిషన్ బాడుగ టోకెన్లలో లెక్క కడుతుంది.

ఈ తరహాలో బాగా పేరున్నది రెండర్ నెట్‌వర్క్. దీన్ని మొదలుపెట్టింది లాస్ ఏంజెలెస్‌లోని ఓటోయ్ కంపెనీ, దాని అధిపతి జూల్స్ ఉర్బాక్. ఆక్టేన్ రెండర్ సాఫ్ట్‌వేర్ వీళ్లదే. 2017లో టోకెన్లు అమ్మారు, 2020 ఏప్రిల్‌లో నెట్‌వర్క్‌ను అందరికీ తెరిచారు. మొదట టోకెన్ ఎథీరియమ్ బ్లాక్‌చెయిన్ (చాలా మిషన్లు ఉమ్మడిగా ఉంచుకునే లావాదేవీల చిట్టా) మీద ఆర్‌ఎన్‌డీఆర్ పేరుతో ఉండేది. 2023 నవంబరులో సోలానా బ్లాక్‌చెయిన్ మీదకు మారి, దాని పేరు ‘రెండర్’ అయింది. మొదట్లో ఆక్టేన్ సీన్లకే పరిమితమైనా తర్వాత వేరే ఇంజన్లకూ (రెండరింగ్ సాఫ్ట్‌వేర్లకూ) చోటిచ్చారు. మన దగ్గర ఇంటీరియర్ వాళ్లు చాలామంది త్రీడీఎస్ మ్యాక్స్‌లో కరోనా రెండరర్ వాడతారు. అది గ్రాఫిక్స్ కార్డు కాక సీపీయూ (ప్రధాన ప్రాసెసర్) మీద నడిచే ఇంజన్ కాబట్టి జీపీయూల నెట్‌వర్క్‌లో దానికి పని లేదు. అంటే ఈ చర్చ సగం మందికి ఇక్కడితోనే అయిపోయినట్టు. మిగిలినవాళ్లు కూడా తమ ఇంజన్, వెర్షన్, ప్లగిన్లు అక్కడ నడుస్తాయో లేదో ముందే చూసుకోవాలి.

పనిని గంటల్లో కొలవరు. పాత కార్డు గంట, కొత్త కార్డు గంట ఒకటి కావు కదా. ఆక్టేన్‌బెంచ్ అనే స్కోరుతో కొలుస్తారు. జీటీఎక్స్ 980 కార్డు స్కోరు 100గా పెట్టుకుని మిగతావాటిని దానితో పోల్చారు. స్కోరును గంటలతో గుణిస్తే ఎంత పని జరిగిందో తెలుస్తుంది. 400 స్కోరున్న కార్డు గంటలో చేసే పని, 100 స్కోరున్నది నాలుగు గంటల్లో చేస్తుంది. బిల్లు ఇద్దరి దగ్గరా ఒకటే.

టోకెన్ కాలిపోవడం, పుట్టడం

ఎక్కువమంది తికమకపడేది ఇక్కడ. టోకెన్ ధర రోజుకొకలా ఉంటే కొటేషన్ ఎలా ఇస్తాం? సోమవారం ఇరవై వేలన్న పని శుక్రవారానికి ముప్పై వేలైతే క్లయింట్ ఊరుకుంటాడా? ఈ చిక్కు విప్పడానికే నెట్‌వర్క్ ‘బర్న్ అండ్ మింట్’ అనే పద్ధతికి మారింది. పని ధర డాలర్లలో ఉంటుంది. 50 డాలర్ల పని అనుకుందాం. ఆ రోజు టోకెన్ 5 డాలర్లుంటే 10 టోకెన్లు, 2 డాలర్లుంటే 25 టోకెన్లు శాశ్వతంగా చలామణీలోంచి తీసేస్తారు, వాళ్ల భాషలో కాల్చేస్తారు. ఏ రోజైనా ఆర్టిస్టు జేబులోంచి పోయేది 50 డాలర్లే. కార్డుతో క్రెడిట్లు కొనుక్కునే దారి కూడా ఉంది కాబట్టి అతను వాలెట్ (టోకెన్లు దాచే ఖాతా) తెరవకపోయినా పని జరుగుతుంది.

మరి జీపీయూ యజమానికి వచ్చేది? కాల్చేసిన ఆ టోకెన్లు అతనికి చేరవు. ముందే వేసుకున్న షెడ్యూల్ ప్రకారం నెట్‌వర్క్ కొత్త టోకెన్లు ముద్రించి, పని చేసినవాళ్లకు పంచుతుంది. మొత్తం టోకెన్లకు సుమారు 64.4 కోట్ల పరిమితి పెట్టారు. పని బాగా వచ్చి కాలేవి ముద్రించేవాటికంటే ఎక్కువైతే చలామణీ తగ్గుతుంది. పని తక్కువై ముద్రణే ఎక్కువైతే చలామణీ పెరిగి, ఇప్పటికే దాచుకున్నవాళ్ల వాటా పలచబడుతుంది. సూటిగా చెప్పాలంటే, పని చాలని రోజుల్లో జీపీయూ యజమానుల కూలిలో కొంత భాగం ఆర్టిస్టులు కాక టోకెన్ దాచుకున్నవాళ్లు భరిస్తున్నట్టు. కొత్త నెట్‌వర్క్ నిలదొక్కుకోవడానికి ఇది తెలివైన ఏర్పాటే. పని ఇచ్చేవాళ్లు రాకముందే మిషన్లు సిద్ధంగా ఉండాలి, మిషన్లు లేకపోతే పని ఇచ్చేవాళ్లు రారు, ఈ రెంటి మధ్య ఖాళీని కొత్త టోకెన్లు పూడుస్తాయి. కానీ ఆ ఖాళీని పూడుస్తున్నది తమ డబ్బే అని ‘కాయిన్ కొనొచ్చా’ అని అడిగేవాళ్లలో ఎంతమందికి తెలుసు?

టోకెన్ లేకుండా ఇదంతా చేయలేమా అంటే, చేసి చూపించినవాళ్లున్నారు. బ్లెండర్ వాడేవాళ్లకు షీపిట్ అనే ఉచిత రెండర్ ఫార్మ్ తెలిసే ఉంటుంది. అందులోనూ మిషన్లు జనానివే. ఖాళీ సమయంలో ఇతరుల ఫ్రేమ్‌లు రెండర్ చేస్తే పాయింట్లు వస్తాయి, పాయింట్లు ఎక్కువున్నవాళ్ల పని ముందు జరుగుతుంది. ఆ పాయింట్లను ఏ ఎక్స్ఛేంజీలోనూ అమ్ముకోలేం. నేర్చుకునే కుర్రాళ్లకు, డెడ్‌లైన్ లేని పనులకు నేనైతే ముందు దాన్నే చెబుతాను. టోకెన్ అవసరం పడేది, తెలియని దేశంలో ఉన్న తెలియని మనిషి మిషన్‌కు చిన్న చిన్న మొత్తాలు బ్యాంకుల ప్రమేయం లేకుండా చెల్లించాలన్నప్పుడు. అంతకుమించి దానికి మహిమలేం లేవు.

బ్లాక్‌చెయిన్ మీద ఉంది కాబట్టి నాణ్యతకు గ్యారంటీ అనుకోవడం మరో అపోహ. బిట్‌కాయిన్ మైనింగ్‌లో ఒక మిషన్ చేసిన పనిని ఇంకో మిషన్ క్షణంలో సరిచూస్తుంది. రెండర్ చేసిన ఫ్రేమ్‌ను అలా సరిచూడలేం. రెండు రకాల జీపీయూలు ఒకే సీన్‌ను రెండర్ చేసినా దశాంశాల దగ్గర తేడాలొస్తాయి, ఫైళ్లు అక్షరం అక్షరం కలవవు. అందుకే అంతిమ తనిఖీ మనిషి కంటికే వదిలారు. ఫ్రేమ్ ముందు వాటర్‌మార్క్‌తో వస్తుంది, ఆర్టిస్టు సరే అన్నాక శుభ్రమైన ఫైలు అతనికీ, చెల్లింపు నోడ్‌కీ (పని చేసిన మిషన్‌కీ) వెళతాయి. మాటిమాటికీ చెడ్డ ఫ్రేమ్‌లు ఇచ్చే నోడ్ రేటింగ్ పడిపోతుంది. చెయిన్ మీద నమోదయ్యేది చెల్లింపుల చిట్టా. గెలాక్సీ చుక్కలు ఉన్నాయా తుడిచిపెట్టుకుపోయాయా అన్నది దానికి పట్టదు.

గోప్యత సంగతీ అంతే. సీన్‌ను ఎన్‌క్రిప్ట్ చేసే పంపుతారు. కానీ తాళం వేసిన సీన్‌ను జీపీయూ లెక్కగట్టలేదు, ఏదో ఒక క్షణంలో ఎవరి మిషన్‌లోనో అది తెరుచుకోవాల్సిందే. ఇంకా బయటకు రాని హోటల్ డిజైన్ అయితే క్లయింట్‌తో రాసుకున్న అగ్రిమెంట్ ఒకసారి తిరగేయాలి. ఇలాంటి పనులకోసం నెట్‌వర్క్‌లో ఎక్కువ ధర శ్రేణులు ఉంటాయి, వాటిలో ఎంపిక చేసిన భాగస్వాముల మిషన్లు వాడతారు. అప్పుడు అది మామూలు రెండర్ ఫార్మ్‌కు ఎంత దూరంలో ఉన్నట్టు? నా దృష్టిలో పెద్ద దూరమేం లేదు.

ఇక ఒంగోలుకు మాత్రమే కాదు, ఏ చిన్న ఊరికైనా ఉన్న అడ్డంకి అప్‌లోడ్. 6 జీబీ సీన్‌ను 20 ఎంబీపీఎస్ అప్‌లోడ్‌తో పంపడానికి 40 నిమిషాలు పడుతుంది, అది పర్వాలేదు. వచ్చేటప్పుడు చూడాలి. కలర్ గ్రేడింగ్ కోసం మల్టీలేయర్ ఈఎక్స్‌ఆర్ ఫైళ్లు (పొరలుగా విడదీసిన బొమ్మలు) అడిగి, ఫ్రేమ్‌కు 50 ఎంబీ చొప్పున వస్తే 1500 ఫ్రేమ్‌లకు 75 జీబీ. 100 ఎంబీపీఎస్ కనెక్షన్ నిజంగా ఆ వేగం ఇస్తేనే గంటా నలభై నిమిషాలు. రెండర్‌కు మూడు గంటలు, రాకపోకలకు రెండు గంటల ఇరవై నిమిషాలు! దీనికితోడు వీడియో మెమరీ. సీన్ వీలైనంత మేర జీపీయూ మెమరీలో ఇమడాలి. ఆర్‌టీఎక్స్ 3060లో అది 12 జీబీ, 4090లో 24. పెద్ద రెజల్యూషన్ రాతి టెక్స్చర్లు లెక్కలేకుండా వేసుకుంటే ఆ సీన్‌ను తీసుకోగల నోడ్‌లు తగ్గిపోతాయి, వంద కార్డులన్న లెక్క తప్పుతుంది.

మన జీపీయూని అద్దెకిస్తే

2022 సెప్టెంబరులో ఎథీరియమ్ మైనింగ్ ఆగిపోయాక ప్రపంచమంతా బోలెడు జీపీయూలు ఖాళీ అయ్యాయి. ఇలాంటి నెట్‌వర్క్‌లకు అవి కలిసొచ్చాయి. నెల్లూరులో గేమింగ్ సెంటర్ నడిపే కుర్రాడికి కూడా రాత్రుళ్లు ఖాళీగా ఉండే పది సిస్టమ్‌లు కనిపిస్తాయి, ఆశ పుడుతుంది. మైనింగ్‌కూ దీనికీ ఉన్న తేడా అతను గమనించాలి. మైనింగ్‌లో మిషన్ ఆన్ చేస్తే ఎంతో కొంత రాలేది. ఇక్కడ పని వస్తేనే డబ్బు. పని పంచేటప్పుడు కార్డు శక్తి, మెమరీ, గతంలో ఇచ్చిన ఫలితాలు చూస్తారు. పాత 6 జీబీ కార్డులకు పిలుపు రావడం కష్టం.

ఒక 4090 కార్డు పూర్తి లోడ్‌లో 450 వాట్లు లాగుతుంది. పది గంటలకు నాలుగున్నర యూనిట్లు. సిస్టమ్‌లో మిగతావాటినీ, గదిని చల్లబరిచే ఏసీనీ కలిపితే ఇంకా పైకి. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు, ఆ ఎండల్లో మూసిన గదిలో పది జీపీయూలు నడపడమంటే ఏసీ బిల్లే ప్రధాన ఖర్చు. వచ్చే టోకెన్ విలువ కూడా నిలకడగా ఉండదు. 2022 చివర్లో అర డాలరు లోపున్న ధర 2024 మార్చిలో 13 డాలర్లు దాటింది, మరో ఏడాదికి అందులో సగం కూడా మిగల్లేదు. కరెంటు బిల్లు మాత్రం ప్రతి నెలా రూపాయల్లోనే వస్తుంది. ఇప్పటికే కొన్న మిషన్లు, ఖాళీ గంటలు ఉన్నవాళ్లు ప్రయత్నించి చూడవచ్చు. దీనికోసం అప్పు చేసి కొత్త కార్డులు కొనడం నాకు సమర్థించదగ్గదిగా అనిపించదు.

‘జీపీయూ అద్దెకు తీసుకోండి, రోజుకు ఇంత గ్యారంటీ’ అని వాట్సాప్‌లో తిరిగే యాప్‌లకూ ఈ నెట్‌వర్క్‌లకూ సంబంధం లేదు. పని వస్తేనే డబ్బున్న చోట రోజువారీ గ్యారంటీ ఎక్కణ్నుంచి వస్తుంది? పక్కవాణ్ని చేరిస్తే కమీషన్ అన్నారంటే అది గొలుసుకట్టే.

టోకెన్ కొని పెట్టుకుందామనుకునేవాళ్లకు మన దేశపు పన్ను లెక్క తెలియాలి. 2022 ఏప్రిల్ 1 నుంచి ఇలాంటి డిజిటల్ ఆస్తుల లాభం మీద 30 శాతం పన్ను, ఆపైన సెస్సు. అదే ఏడాది జులై 1 నుంచి బదిలీల మీద 1 శాతం టీడీఎస్. కొన్న ధర తప్ప ఇంకే ఖర్చూ తీసేసుకోవడానికి లేదు. ఒక టోకెన్‌లో 20 వేలు నష్టపోయి, ఇంకోదాంట్లో 20 వేలు సంపాదిస్తే మన జేబులో మిగిలింది సున్నా, కట్టాల్సిన పన్ను 6 వేలు, దాని మీద సెస్సు. ఆ నష్టాన్ని ఈ లాభంలో సర్దుకోనివ్వరు. దాచుకున్న టోకెన్లతోనే రెండర్ బిల్లు కట్టినా అది బదిలీ కిందకే వస్తుంది. నోడ్ నడిపి సంపాదించినవాళ్లు, జీఎస్టీ నంబరు ఉండి విదేశీ సేవ కొన్నవాళ్లు ఆడిటర్‌ను అడగకుండా అడుగు వేయకపోవడమే నయం.

మళ్లీ మన లాబీ వీడియోకు వస్తే, 1500 ఫ్రేమ్‌లూ ఒకేసారి పంపకూడదు. కెమెరా పలకకు అతి దగ్గరగా వెళ్లే ఫ్రేమ్ ఒకటి, లైట్లన్నీ పడే ఫ్రేమ్ ఒకటి, సొంత మిషన్ మీద అన్నిటికంటే ఎక్కువసేపు పట్టిన ఫ్రేమ్ ఒకటి, పక్కపక్కనే ఉన్న ఫ్రేమ్‌లు ఓ నాలుగైదు పంపాలి. పక్కపక్క ఫ్రేమ్‌లు వేర్వేరు మిషన్లలో తయారై వచ్చాక వరుసగా ఆడించి చూస్తే చుక్కలు మినుకుమంటున్నాయో లేదో తెలిసిపోతుంది. భారీ ఫ్రేమ్‌ల బిల్లునే 1500తో గుణించి హడలిపోకుండా, తేలికపాటివి కూడా ఒకటి రెండు కలిపి సగటు చూడాలి. అదే ఫ్రేమ్‌లను ఒక మామూలు రెండర్ ఫార్మ్‌కు కూడా పంపి రెండు కొటేషన్లూ పక్కన పెట్టుకోవాలి. చెల్లింపు కార్డుతో, క్రెడిట్ల రూపంలో చేస్తే టోకెన్ తలనొప్పి మనదాకా రాదు. క్లయింట్‌కు ఇచ్చే కొటేషన్‌లో మాత్రం మార్పులకు రెండర్ ఖర్చు విడిగా ఉంటుందని రాసి తీరాలి. సొంత మిషన్ మీద పిల్లర్ జరిపిన ఖర్చు ఎవరికీ కనబడదు, నెట్‌వర్క్ మీద అది డాలర్లతో సహా మర్నాడే కనబడుతుంది.